పాతపాటల వయస్సు

సికింద్రాబాదున వెస్టు మారేడుపల్లిలో మా మేనత్తగారి యిల్లు కలదు. ఆమెకు ఎనుబదియాఱేండ్లు నిండినవి. కన్నులు మసకలగుటచే పత్రిక చదువలేరు. మోకాళ్ల నొప్పులచే గుడికిని పోలేరు. వంటయింటి గూటిలోని రేడియోయే ఆమెకు తోడు. గడచిన మాసమున మేము చూడబోయిననాడు ఆమె మనుమని బిలిచి, "ఒరే, కాస్త పాతపాటలు పెట్టరా" అని యడిగిరి. అతడు మీట త్రిప్పి, పాతపాటలకు తామే పుట్టినిల్లని దినమెల్ల చెప్పుకొను నొక స్టేషనును పెట్టెను. పాట మొదలయ్యెను. ఒక చరణము విని మేనత్తగారు మొగము చిట్లించిరి.

"ఇది పాతపాటటరా?"

"కాకేమిటి బామ్మా? నేను పుట్టిన ఏడు వచ్చింది. ముప్పయ్యైదేళ్లు కాలేదూ?"

"నువ్వు పుట్టిననాటికి నేను బామ్మనయ్యాను. బామ్మనయ్యాక వచ్చిన పాట నాకు పాతదెట్లా అవుతుందిరా!"

మేమందఱము నవ్వితిమి. ఆమె నవ్వలేదు. కొంతసేపటికి, "నా పాటలు వేసి ఎన్నాళ్లయిందో" అని తమలో తామనుకొని రేడియో కట్టివేసిరి. ఇంటికి వచ్చిన పిదప గూడ ఆ మాట మా చెవిలో మెదలుచునే యున్నది. ఈ తగవున న్యాయ మెవరిదని సోదరీమణుల నడుగుటకే ఈ మాసము ఈ పుటను వాడుకొనుచున్నాము.

తీర్పు చెప్పుటకు ముందు, రేడియోలో పాతపాట యను మాట యెట్లు పుట్టెనో కొంచెము వెనుకకు బోయి చూడవలెను. మన జంటనగరములలో రేడియో 1935లో నిజాము ప్రభుత్వమువారు దక్కన్ రేడియోను చేపట్టుటతో స్థిరపడినది. ఉర్దూ ప్రధానముగా, తెలుగు, మరాటీ, కన్నడములకు గూడ కొంత చోటిచ్చిన యా కేంద్రము 1950 ఏప్రిలు 1వ తేదీన అఖిల భారత రేడియోలో చేరినది. అంతకు ముందే మద్రాసు కేంద్రము 1938లోను, బెజవాడ కేంద్రము 1948లోను వెలసియుండెను. ఆ దినములలో పాత సినిమాపాట యను మాటకు పెద్దగా అర్థము లేదు. తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినదే 1932లో. పాతబడుటకు పాటల కింకను వయస్సు రాలేదు.

1952లో ఒక వింత జరిగినది. అప్పటి సమాచారశాఖ మంత్రి బి. వి. కేస్కరుగారికి శాస్త్రీయసంగీతమునందు మక్కువ మెండు. సినిమాపాట యనిన గిట్టదు. ప్రభుత్వ రేడియోలో సినిమాపాటలు పలుచబడినవి. శ్రోతలు నోరెత్తలేదు గాని, మీట త్రిప్పిరి. సముద్రము దాటి కొలంబోనుండి రేడియో సిలోను వినవచ్చుచుండెను. ఆ యేటి చివర అమీన్ సయానీగారి 'గీత్‌మాలా' అచ్చట మొదలైనది. అది క్రొత్తపాటల పందెము. ఆ స్టేషనులోనే ఉదయము ఏడున్నర మొదలు ఎనిమిది వఱకు పాత హిందీ చిత్రముల పాటలు వేయుచుండిరి. ఆ యరగంటలో కడపటి పాట కుందన్‌లాల్ సైగలుది. సైగలు 1947లోనే కన్నుమూసిన గాయకుడు. చనిపోయిన వాని గొంతు ప్రతిదినము ఒకే వేళకు ఇంటింట పలుకుట మనవారికి అదే క్రొత్త. తెలుగు పాటలును కొలంబోనుండి వచ్చుచుండెడివి. మీనాక్షి పొన్నుదురైగారి కంఠము ఆనాటి గృహిణులలో నెఱుగనివారు లేరు.

మా మేనమామగారు లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేసిరి. "సైగల్ పాట మొదలయ్యేటప్పటికి క్యారియరు మూత పెట్టాలి. పాట అయ్యేటప్పటికి ఆయన సైకిలెక్కాలి" అని మేనత్తగా రిప్పటికిని చెప్పుదురు. ఆ పాటలోని హిందీమాట యొక్కటియు ఆమెకు తెలియదు. ఆమెకు సైగలు గాయకుడు కాడు, గడియారము.

1957 అక్టోబరు 3వ తేదీన మన ప్రభుత్వము 'వివిధభారతి'ని నెలకొల్పినది. కొలంబోకు తరలిపోయిన శ్రోతలను మరల ఇంటికి బిలుచుకొను ప్రయత్నమది. అందులో 'భూలే బిస్రే గీత్' అని యొక కార్యక్రమము. మఱపునబడిన పాటలని యర్థము. సిపాయిల కోరికపై పాటలు వేసెడి 'జయమాల' మఱొకటి. తిరుమలగిరి, బొల్లారము కంటోన్మెంటులలో నానారాష్ట్రముల సిపాయిలుండు మన సికింద్రాబాదున దాని కెంత యాదరణ యుండెనో వేఱుగ చెప్పనేల? తెలుగువారికి 'జనరంజని' వచ్చినది. శ్రోతలు కోరిన సినిమాపాటలు వినిపించుట దాని పని.

ఇచ్చట మే మొకింత నిలువదలచితిమి. ఏలయన, ఆనాటి ప్రసారములో పాట యెంత ముఖ్యమో పాటకు ముందు మాటయు నంత ముఖ్యము. అనౌన్సరు తొందరపడడు. చిత్రము పేరు, వ్రాసినవారు, స్వరము కూర్చినవారు, పాడినవారు అని వరుసగా చెప్పును. చెప్పి చెప్పి మనకు నేర్పెను. 'మల్లీశ్వరి' పాటలు వ్రాసినది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారని, 'మాయాబజారు' పాటలు పింగళి నాగేంద్రరావుగారివని మా మేనత్తగారు ఏ పుస్తకమును చూచి నేర్చుకొనలేదు. 'దేవదాసు' 1953లో విడుదలైనప్పటికి దాని సంగీతదర్శకుడు సి. ఆర్. సుబ్బరామనుగారు బ్రతికియుండలేదు, అంతకు ముందటి యేడే, చిన్నవయసుననే పోయిరి. ఆ పేరు నేటికిని ఆమె నోట నున్నదన్న, పాట వేసిన ప్రతిసారియు నెవరో దానిని పలికిన పుణ్యమే.

పేరులు చెప్పిన పిదప, పాట కోరినవారి పేరుల పట్టిక చదువుదురు. పోస్టుకార్డుపై వ్రాసి పంపినవే యవి. బీహారులో అప్పటి కొక చిన్న యభ్రకపు బస్తీయైన ఝుమ్రీతలయా (నేడది ఝార్ఖండులోనిది) కేవలము ఈ కార్డులవలననే దేశమంతట పేరు పొందినది. మన మొండామార్కెటునుండి, సీతాఫలమండినుండి, నల్లగుట్టనుండియు కార్డులు పోవుచుండెను. ఒక్కొక్క కార్డులో ఇంటిల్లిపాది పేరులు. ఇరుగుపొరుగువారివి గూడ. మగవారికి ఈ పట్టిక విసుగు. "పాట వేయక ఈ జాబితా యేమి?" అని గొణుగుచుందురు. స్త్రీలకు అట్లు కాదు. మా మేనత్తగారు కాపురమునకు వచ్చిన యింటిలో ఆమెను పేరుపెట్టి పిలుచువారే లేకుండిరి. అత్తగారికి కోడలుపిల్ల, మఱదులకు వదిన, భర్తకు 'ఏమేవ్', బిడ్డలు కలిగిన పిదప పెద్దవాని తల్లి. పుట్టింట పెట్టిన పేరు రేషను కార్డులో మాత్రము మిగిలినది. ఒకనాడు మధ్యాహ్నము ఆడుబిడ్డ యెవరికిని చెప్పక వేసిన కార్డులోని పేరులు రేడియోలో చదివిరి. వానిలో ఈమె పేరును వచ్చెను.

"గరిటె చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. పప్పు అడుగంటింది. మా అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడా విన్నది" అని చెప్పిరి. ఆ పే రేమని సోదరీమణు లడుగవచ్చును. పత్రికలో వేయవలదని ఆమె యాన. రేడియోలో వచ్చిన చాలునట.

ఇక లెక్కకు వత్తము. 'భూలే బిస్రే గీత్' మొదటి దినములలో పాతపాట లనగా పది, ఇరువదియేండ్ల నాటివి. నేడు మనుమడు పెట్టిన పాటకు ముప్పదియైదేండ్లు. ఆనాటి కొలత ననుసరించిన అది మిక్కిలి పాతదే. మనుమని వాదము తప్పు కాదు. అయిన పాతపాటల పట్టిక పెరుగుటకు మాఱుగా జరుగుచున్నది. మన యిండ్లలో అటుకమీదికి క్రొత్తగా నొక గంగాళము నెక్కింపవలెనన్న, అడుగుననున్న గుండిగను పాతసామానులవానికి వేయుదుము గదా! అట్లే. 1990ల పాటలు అటుక యెక్కుచున్నవి. 1950ల పాటలు దిగిపోవుచున్నవి.

ఇది మన యూరి వింత మాత్రము కాదు. అమెరికాలో న్యూయార్కు నగరమున డబ్ల్యు.సి.బి.ఎస్. ఎఫ్.ఎం. అను స్టేషను 1972నుండి పాతపాటలకే పేరుపడినది. 2005 జూను 3వ తేదీన యజమానులు హఠాత్తుగా ఆ పద్ధతి మాన్పి, పాటల నడుమ మాటలాడు మనుష్యులే లేని క్రొత్తపద్ధతిని పెట్టిరి. ఊరివారు మండిపడిరి. రెండేండ్లు గడచిన పిదప, 2007 జూలై 12వ తేదీన పాతపాటలు తిరిగి వచ్చినవి. జనము సంతోషించిరి. తీరా వినినచో, 1950ల పాటలు చాలవఱకు మాయమై, 1980లవి వచ్చి కూర్చుండెను. పోయినది తిరిగివచ్చిన దనుకొన్నవారిలో ముదుసలులకు మాత్రము తమది రాలేదు.

దీనికి కారణ మాలోచింప కష్టము కాదు. వ్యాపార ప్రకటనలచే బ్రతుకు స్టేషనునకు శ్రోత యనగా సబ్బును, నూనెను, నగలను కొనువాడు. ఇరువదియైదేండ్లు మొదలు ఏబదినాలుగేండ్ల లోపువారు వినుచున్నారా యని ప్రకటనలిచ్చువారు ముఖ్యముగా చూతురు; అమెరికాలో ఈ లెక్క మఱియు గట్టిది. మనిషి మనసునంటిన పాటలు సామాన్యముగా అతని పదునైదవ యేటికిని ఇరువదియైదవ యేటికిని నడుమ విన్నవి. కావున శ్రోతల వయస్సు మాఱక యుండవలెనన్న పాటల వయస్సు మాఱవలెను. ఎనుబదియాఱేండ్ల వృద్ధురాలు సబ్బు మార్చదని వారి నమ్మకము. ఆ యింట ఏ కాఫీపొడి తేవలెనో నేటికిని మా మేనత్తగారే నిర్ణయింతురని వారికి చెప్పువా రెవరు?

అమెరికా స్టేషనులు పాటలను ఏఱు విధమొకటి వింటిమి. కొన్నివందల పాటలలోనుండి మిక్కిలి తెలిసిన తునుకను, ఏడెనిమిది సెకండ్లు మాత్రము, పిలిచి కూర్చుండబెట్టిన శ్రోతలకు వినిపించి మార్కు లడుగుదురట. మార్కులు తగ్గిన పాట పట్టికనుండి పోవును. పెండ్లిచూపులలో పిల్లను ఒక్కమాట యడిగి పంపివేసినట్లున్నది! వేయని పాట నెవరును జ్ఞప్తియందుంచుకొనరు; జ్ఞప్తిలేని దానికి మార్కులు రావు; మార్కులు రానిదానిని వేయరు. ఒకసారి జాఱిన పాట మరల నెక్కుట యెట్లు?

సినిమాపాటల కీ గతియైన, సినిమాకు చేరని పాటల సంగతి చెప్పనక్కఱలేదు. ఆకాశవాణివారు 'ఈ మాసపు పాట' యని లలితగీతములు వినిపించెడివారు. బాలాంత్రపు రజనీకాంతరావుగారివంటివారు వానికై పాటుపడిరి. స్త్రీలు వాని నోటుపుస్తకములలో వ్రాసికొని పేరంటములలో పాడిరి. హీరో లేని పాటలవి. పాతపాటల స్టేషనులలో వానికి చోటు లేదు.

హైదరాబాదు సికింద్రాబాదులకు ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషనులు 2006లో వచ్చినవి. అప్పటినుండి మాట తీరును మాఱినది. అనౌన్సరు పోయి రేడియో జాకీ వచ్చెను. మాట పరుగు, తెలుగున సగము ఇంగ్లీషు, పాటకు ముందు ట్రాఫిక్కు సంగతి, పాటపై నవ్వు, పాట ముగియకమునుపే ప్రకటన. పాతపాట వేసినపుడు చిత్రము పేరు చెప్పినచో అదే గొప్ప. హీరో పేరు చెప్పుదురు. వ్రాసినవానిని, స్వరపఱచినవానిని తలచువారు తక్కువ. కోరిక పంపుటకు కార్డు పోయి టెలిఫోను వచ్చెను, టెలిఫోను పోయి సందేశము వచ్చెను. మాకీ మార్పులలో అన్నిటికంటె నొప్పి కలిగించునది ఆ పేరులు లేకపోవుటయే. పాట యెట్లును ఎచ్చటనో యొకచోట దొరకును.

అట్లని క్రొత్తవారిని తిట్టుట మా యుద్దేశము కాదు. ఆ పిల్లలు చలాకీగా మాటలాడుదురు. ఒంటరిగా వంట చేసికొను నుద్యోగినికి ఆ గలగల తోడుగనే యుండును. మనుమని భార్యకు ఇళయరాజాగారి పాట వినినచో పుట్టిల్లు కన్నులగట్టును. ఆమె పుట్టిల్లు మేనత్తగారి పుట్టింటికంటె తక్కువదా? మఱియొక మాట. మేనత్తగారింట మొదట రేడియో కొన్నపుడు వారి యత్తగారు, "ఈ పెట్టె వచ్చిన తర్వాత కోడళ్లకు మేలుకొలుపులు రాకుండా పోయాయి" అని దుఃఖించిరట. నాడు మేలుకొలుపు నటుక దింపినది ఈ సినిమాపాటయే గదా!

2020 సెప్టెంబరు 25వ తేదీన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు పోయినపుడు ఆ యింటిలో అందఱు నొకే పాట వినిరి. 1966లో తొలిపాట పాడి, ఏబదియేండ్లకు మించి పాడినవాడు. బామ్మ పాటలలోను ఉన్నాడు, మనుమని పాటలలోను ఉన్నాడు. ఆనాడు మాత్రము ఏది పాత, ఏది క్రొత్త యని తగవు రాలేదు.

మనుమడు మంచివాడు. మేము చూచివచ్చిన వారమునకు బామ్మకొక కానుక తెచ్చెను. 2017లో సారెగమా వారు పాత ట్రాన్సిస్టరు రూపున, ఐదువేల హిందీపాటలు లోపలనే నింపి, 'కారవాన్' అను పెట్టెను వెలువరించిరి. పిదప తెలుగు పాటలతోను వచ్చినది. అటువంటి పెట్టెలిప్పుడు పలువిధములు దొరకును. వానిలో నొకటి తెచ్చి గూటిలో పెట్టెను. ఘంటసాల, లీల, జిక్కి, సుశీల యందఱును అందున్నారు. పట్టిక జరుగదు, తఱుగదు, ప్రకటనలు లేవు. మీట నొక్కిన చాలును. మేనత్తగారు రెండుదినములు సంతోషముగా వినిరి. మూడవనాడు మరల పాత రేడియోనే పెట్టించుకొనిరట. ఏమని మేము ఫోనులో నడిగితిమి.

"పాడుతుంది బాగానే. పలకదు. టైమెంతయిందో చెప్పదు. ఏ పాట తరువాత ఏ పాట వస్తుందో నాకే తెలిసిపోతోంది. ఎవరూ కోరని పాట ఎందుకు వేస్తున్నట్టు?"

ఈ కడపటి ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయెను. మరునాడు మేము వెళ్లునప్పటికి, ఆమె మునిమనుమరాలిని, తొమ్మిదేండ్ల పిల్లను, ప్రక్కన కూర్చుండబెట్టుకొని పోస్టుకార్డు వ్రాయించుచుండిరి. వాట్సాపులో పంపుదమని మనుమడు చెప్పిచూచెను, కార్డే కావలెననిరి. వివిధభారతి, హైదరాబాదు అని చిరునామా ముందే వ్రాయించిరి. కోరిన పాటలు మూడు. మూడింటికిని చిత్రము, కవి, సంగీతము, గాయకులు. కార్డులో సగ మందుకే సరిపోయెను. పిదప పేరులు: కొడుకు, కోడలు, మనుమడు, వాని భార్య, మునిమనుమరాలు, ప్రక్కింటివారు, పాలుపోయు నతడు, కార్డువేసి పప్పు మాడ్పించిన ఆ యాడుబిడ్డ. తన పేరు కడపట.

అంతలో ఏదో జ్ఞప్తికివచ్చి, "మొదట కొంచెం చోటుందా?" అని యడిగిరి. ఉన్నదనెను పిల్ల. ఎవరి పేరో చెప్పలేదు. భర్త పేరు పలుకుట ఆమెకు నేటికిని అలవాటు లేదు. గోడమీది పటమువైపు చేయి చూపిరి.

"ముత్తాత వినరుకదా?" అనెను పిల్ల.

"రాయవే" అనిరి మేనత్తగారు. పిల్ల అక్షరములు కుదించి వ్రాసెను. కార్డు మేమే తీసికొనిపోయి సికింద్రాబాదు తపాలాకచేరి డబ్బాలో వేసి వచ్చితిమి. నేటికి పదునొకండు దినములు. మధ్యాహ్నపు వంట వేళ ఆ యింటిలో ఎవరును మిక్సీ వేయుట లేదు.